ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది

మా బాబాయికి అనపర్తి దగ్గర కోళ్ళఫారం ఉంది. నాకు హైదరాబాద్‌లో జావా ఉద్యోగం ఉంది. ఈ రెండిటికీ సంబంధం ఏంటంటారా? అరచేతిలో పట్టే ఒక పచ్చ రంగు బోర్డు. దాని మీద లైనక్స్ నడుస్తుంది. ఆ బోర్డుని నమ్ముకుని 2023 మే నెలలో ఒక మధ్యాహ్నం మా బాబాయి దగ్గర దగ్గర 180 కోళ్ళు పోగొట్టుకున్నాడు. నిజానికి ఆయన నమ్మింది బోర్డుని కాదు, నన్ను. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

ముందు బోర్డు సంగతి చెప్తాను. రాస్పెర్రీ పై పేరు విననివాళ్ళు మనలో తక్కువే. మొదటిది 2012 ఫిబ్రవరి 29న వచ్చింది, ధర 35 డాలర్లు. పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకోడానికి చవగ్గా ఓ కంప్యూటర్ ఉండాలని కేంబ్రిడ్జిలో ఎబెన్ అప్టన్, ఆయన మిత్రులు మొదలుపెట్టిన పని అది. పిల్లలకంటే ముందు మనలాంటి పెద్దపిల్లలు ఎగబడ్డారనుకోండి, అది వేరే విషయం :) నా దగ్గరున్నది 2016లో వచ్చిన పై 3 మోడల్ బి. 2018లో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కోసం కొన్నాను. మొహం గుర్తుపట్టి తలుపు తీసే ప్రాజెక్టు. డెమో రోజున మా హెచ్‌ఓడీ గారి మొహం తప్ప అందరి మొహాలూ గుర్తుపట్టింది. అయినా మార్కులొచ్చాయి, ఉద్యోగమొచ్చింది, బోర్డు అటకెక్కింది.

2023 సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు బాబాయి అడిగాడు. "ఏరా అబ్బాయ్, నువ్వు కంప్యూటర్లే కదా చేసేది. షెడ్డులో వేడి ఎంతుందో నా ఫోనుకి తెలిసేలా చెయ్యలేవా?"

చెయ్యలేనని ఏ ఇంజినీరైనా అంటాడా?

కోళ్ళ గురించి ఒక్క ముక్క. కోడికి చెమట పట్టదు. వేడెక్కితే నోరు తెరిచి రొప్పడమే దానికి తెలిసిన ముఖ్యమైన ఉపాయం. అందుకే ఎండాకాలం షెడ్డు పైకప్పు మీద నీళ్ళు చల్లుతారు, పక్కలకి గోనె పరదాలు కట్టి తడుపుతారు, లోపల ఫాగర్లతో మంచులాగా నీళ్ళు కొడతారు. కరెంటు పోతే ఫాగర్ల మోటారు ఆగిపోతుంది. మే నెల మధ్యాహ్నం జనరేటర్ వేసేదాకా ప్రతి నిమిషమూ లెక్కే. అంటే నా డబ్బా చెప్పాల్సినవి రెండు: వేడి పెరిగిందని, కరెంటు పోయిందని. అంతే. మన ఆఫీసులో ఇలాంటి రిక్వైర్‌మెంట్ వస్తే "టూ స్టోరీ పాయింట్స్" అంటాం.

నిజం చెప్పొద్దూ, ఆ రెండు వారాలూ నాకు పండగే. డీఎస్18బీ20 అని ఓ సెన్సర్ ఉంది. మూడు కాళ్ళు, ఒక 4.7 కిలో ఓమ్ రెసిస్టర్, అంతే. డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంది. ఒక ఫైలు తెరిచి చదివితే అందులో ఉష్ణోగ్రత ఉంటుంది. ఫైలు తెరిస్తే ఎండ తెలియడం! నాలుగేళ్ళుగా ఎక్స్‌ఎంఎల్, యామల్ ఫైళ్ళు తెరిచి తలనొప్పి తప్ప ఏమీ తెలుసుకోని నాకు అది మహా అద్భుతంలా అనిపించింది. ఎస్సెమ్మెస్ పంపడానికి పాత యూఎస్‌బీ డాంగిల్ ఒకటి దొరికింది. దానితో మాట్లాడే భాష ఏటీ కమాండ్లు. 1981లో హేస్ మోడెమ్‌తో మొదలైన భాష, ఇప్పటికీ నడుస్తోంది. కరెంటు ఉందో లేదో తెలియడానికి పాత ఫోన్ చార్జర్ ఇచ్చే 5 వోల్టుల్ని రెండు రెసిస్టర్లతో 3.3కి దించి ఒక పిన్నుకి కలిపాను. దించకపోతే పిన్ను మాడిపోతుంది. కరెంటు పోయినా బోర్డు బతికుండాలి కాబట్టి మధ్యలో ఓ పవర్ బ్యాంక్ పెట్టాను. పైథాన్‌లో 200 లైన్లు. పది సెకన్లకోసారి కొలవడం, లాగ్ ఫైల్లో ఒక లైను రాయడం, అవసరమైతే మెసేజ్ పంపడం. ఫిబ్రవరిలో వెళ్ళి షెడ్డులో స్తంభానికి బిగించి వచ్చాను.

మొదటి వారమే ఒక అర్ధరాత్రి బాబాయికి మెసేజ్ వెళ్ళింది, షెడ్డులో 85 డిగ్రీలని. వెంటనే ఫోన్. "ఒరేయ్, 85 అంటే ఈపాటికి వేపుడైపోవాలి కదరా. ఇవేమో సుబ్బరంగా నిద్రపోతున్నాయి. ఇందాక ఓసారి కరెంటు పోయొచ్చింది, దానివల్లేమో చూడు."

తర్వాత డేటాషీట్ చూస్తే అందులో రాసే ఉంది. ఆ సెన్సర్‌కి కరెంటు అందగానే దాని లోపల ఉండే అంకె 85. కొలత పూర్తవ్వడానికి 750 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. ఆ మధ్యలో సరఫరా తడబడితే అది మళ్ళీ మొదటికొచ్చి ఆ 85నే చేతిలో పెడుతుంది. నేనేం చేశానో చెప్పక్కర్లేదనుకుంటా. సరిగ్గా 85 వస్తే పట్టించుకోవద్దని ఒక ఇఫ్ పెట్టాను. బగ్ క్లోజ్‌డ్.

ఆ 85 నాతో ఏదో చెప్తోంది. బాబాయి కూడా అదే చెప్పాడు. నేను ఇద్దరి మాటా వినలేదు.

తర్వాత మూడు నెలలు డబ్బా చక్కగా పనిచేసింది. కరెంటు పోతే మెసేజ్, వస్తే మెసేజ్. బాబాయి ఊళ్ళో అందరికీ చూపించాడు. "మా అబ్బాయి చేశాడు" అని చెప్పుకున్నాడట. ఇంతకుముందు ఫారంలో పనిచేసే కుర్రాడు గంటకోసారి గోడ మీద థర్మామీటర్ చూసేవాడు. ఎండాకాలం మధ్యాహ్నం ఎవరో ఒకరు షెడ్డు దగ్గర లేకుండా భోజనానికి కూడా వెళ్ళేవాళ్ళు కాదు. మెల్లగా ఆ అలవాటు పోయింది. "ఏదైనా అయితే మెసేజ్ వస్తుంది కదండీ" అన్నాడు ఆ కుర్రాడు, ఓసారి నాతోనే. నేను గర్వంగా తలూపాను. ఆ తలూపుడు ఇప్పటికీ గుర్తుంది.

మే నెలలో ఆ రోజు బాబాయి పెళ్ళికని రాజమండ్రి వెళ్ళాడు. కుర్రాడు భోజనానికి ఇంటికెళ్ళాడు. కరెంటు పోయింది. మెసేజ్ రాలేదు. గంటన్నర తర్వాత కుర్రాడు తిరిగొచ్చేసరికి ఫాగర్లు ఆగి ఉన్నాయి, కోళ్ళు బోనుల్లో మెడలు వాల్చేసి ఉన్నాయి. స్తంభం మీద నా డబ్బాలో ఎర్ర లైటు మాత్రం వెలుగుతూనే ఉంది.

సాయంత్రం బాబాయి ఫోన్ చేశాడు. తిట్టలేదు. "మెసేజ్ రాలేదురా. ఓసారి వీలున్నప్పుడు వచ్చి చూడు" అన్నాడు. ఎన్ని పోయాయో నేను అడిగేదాకా చెప్పలేదు.

ఆ రాత్రి బస్సులో నిద్ర పట్టలేదు. మన సర్వర్ల ప్రపంచంలో ఒక పాడ్ చస్తే ఇంకో పాడ్ లేస్తుంది. అదీ లేవకపోతే ఆన్‌కాల్‌లో ఉన్న ఎవడో ఒకడు లేస్తాడు. డేటాసెంటర్లో కరెంటు పోవడం అనేది నా కోడ్‌కి సంబంధించిన విషయమని నేనెప్పుడూ అనుకోలేదు. ఎవరో ఎక్కడో యూపీఎస్‌లు, జనరేటర్లు చూసుకుంటారు. ఇక్కడ కోళ్ళ షెడ్డులో ఆ "ఎవరో" నేనే. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

పొద్దున్న డబ్బా విప్పి ఇంట్లో టీవీకి కలిపి చూశాను. నల్లటి తెర మీద కెర్నెల్ పానిక్. రూట్ ఫైల్ సిస్టమ్ దొరకలేదంటోంది. ఆ బోర్డు మీద ఎర్ర లైటు చెప్పేది ఒక్కటే, 5 వోల్టులు అందుతున్నాయని. లోపల లైనక్స్ బతికుందా చచ్చిందా అన్నది దానికి అనవసరం. కార్డు మీద చదవడం, రాయడం జరిగితే మిణుకుమనేది పక్కనున్న పచ్చ లైటు. అది బాబాయికి నేనెప్పుడూ చెప్పలేదు.

కార్డు తీసి లాప్‌టాప్‌లో పెట్టి, తంటాలు పడి లాగ్ ఫైలు కొంత బయటికి లాగాను. అందులో ఒక విచిత్రం కనిపించింది. టైము ముందుకి నడుస్తూ నడుస్తూ ఒక్కసారిగా వెనక్కి దూకుతోంది, మళ్ళీ నడుస్తోంది, మళ్ళీ దూకుతోంది. ఎందుకంటే ఆ బోర్డులో గడియారం లేదు. మన పీసీల్లో బటన్ సెల్‌తో నడిచే గడియారం ఉంటుంది కదా, అది 2023 చివర్లో వచ్చిన పై 5 దాకా రాస్పెర్రీ పైలో లేనే లేదు. నెట్ ఉంటే అక్కడ్నుంచి టైము తెచ్చుకుంటుంది. నా డబ్బాకి నెట్ లేదు, ఎస్సెమ్మెస్ మాత్రమే. అలాంటప్పుడు గంటకోసారి టైముని ఫైల్లో దాచుకుని, మళ్ళీ లేచినప్పుడు అక్కడ్నుంచి లెక్క మొదలుపెడుతుంది. అంటే వెనక్కి దూకిన ప్రతిసారీ బోర్డు ఠపీమని ఆరిపోయి మళ్ళీ లేచిందన్నమాట. దూకుళ్ళు లెక్కపెట్టాను. 61.

నేను పెట్టిన పవర్ బ్యాంక్ కరెంటు పోయినప్పుడు చార్జర్ నుంచి బ్యాటరీకి మారడానికి ఒక్క క్షణం తీసుకుంటోంది. ఫోనుకైతే ఆ క్షణం తెలియదు, లోపల దాని బ్యాటరీ దానికుంటుంది. బోర్డుకి ఆ క్షణమే చావు. మూడు నెలలపాటు అది చచ్చి, ముప్పై నలభై సెకన్లలో లేచి, ఏమీ జరగనట్టు "కరెంటు పోయింది" అని మెసేజ్ పంపేది. నేనేమో ఎంత బాగా పనిచేస్తోందో అనుకునేవాణ్ణి.

ఇక కార్డు ఎందుకు పోయిందంటే, మనం ఫైల్లో రాశామనుకున్నది నిజానికి మెమరీలో రాసినట్టు. లైనక్స్ తన వీలు చూసుకుని తర్వాత కార్డు మీదకి దించుతుంది. మామూలు సెట్టింగుల్లో అలా ఆగే సమయం 30 సెకన్ల దాకా ఉండొచ్చు. సరే, ఆ చివరి లైన్లు పోతే పోయాయి అనుకోవచ్చు. అసలు చిక్కు ఎస్‌డీ కార్డు లోపల ఉంది. అందులోనూ ఒక చిన్న కంట్రోలర్ ఉంటుంది. ఫ్లాష్ మెమరీలో ఉన్నచోటే చెరిపి కొత్తది రాయడం కుదరదు. పెద్ద బ్లాకుని మొత్తంగా చెరపాలి. అందుకని కంట్రోలర్ పాతవాటిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారుస్తూ, ఏది ఎక్కడుందో ఒక పట్టిక పెట్టుకుంటుంది. సరిగ్గా ఆ సమయంలో కరెంటు పోతే, మనం ముట్టుకోని ఫైళ్ళు కూడా పోవచ్చు. ఫైల్ సిస్టమ్‌లో జర్నల్ ఉందిగా అనుకుంటాం. జర్నల్ కూడా అదే కార్డు మీద ఉంది మరి. పది సెకన్లకి ఒక లైను, రోజుకి 8,640 లైన్లు, ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న అదే పార్టిషన్ మీద. నలభై బైట్ల లాగ్ లైను కోసం మొత్తం ఇంటినే పందెం కాశాను.

తప్పు కార్డుది కాదు, బోర్డుది కాదు. కంప్యూటర్‌ని పద్ధతిగా షట్‌డౌన్ చేస్తారు అనే నమ్మకంతో తయారైన డెస్క్‌టాప్ లైనక్స్‌ని తీసుకెళ్ళి, షట్‌డౌన్ అనే మాటే లేని చోట వేలాడదీసింది నేను.

వారం సెలవు పెట్టి మళ్ళీ మొదట్నుంచి చేశాను.

ఈసారి బిల్డ్‌రూట్ వాడాను. మనకి కావలసిన ముక్కలు మాత్రం ఎంచుకుంటే కెర్నెల్‌తో సహా మొత్తం ఇమేజ్‌ని అదే కంపైల్ చేసి ఇస్తుంది. మొదటిసారి గంట దాటి పట్టింది, లాప్‌టాప్ మీద దోసె వెయ్యొచ్చు అన్నంత వేడెక్కింది. షెల్, చిన్నాచితకా కమాండ్లు అన్నీ బిజీబాక్స్ అనే ఒకే ప్రోగ్రామ్‌లో ఉంటాయి. 1990ల్లో బ్రూస్ పెరెన్స్ డెబియన్ ఇన్‌స్టాలర్‌ని ఒక ఫ్లాపీలో పట్టించడానికి రాసిందది. ఇంతకుముందు గిగాబైట్లలో ఉన్న సిస్టమ్ 60 మెగాబైట్ల లోపుకొచ్చింది. రూట్ ఫైల్ సిస్టమ్ పూర్తిగా రీడ్‌ఓన్లీ. లాగ్ మెమరీలోనే పోగై, అరగంటకోసారి వేరే చిన్న పార్టిషన్ మీదకి వెళ్తుంది. ఆ పార్టిషన్ పాడైపోతే దాన్ని ఫార్మాట్ చేసుకుని ముందుకెళ్ళిపోతుంది. కరెంటు ఎప్పుడు పోయినా బోర్డు మళ్ళీ లేవడానికి కావలసినవాటి మీద ఏ రాతా జరగదు. (బిల్డ్‌రూట్ అంత ఓపిక లేనివాళ్ళకి రాస్పెర్రీ పై ఓఎస్ సెట్టింగుల్లోనే ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ అని ఉంది, దాంతో కూడా చాలావరకు ఇదే పని జరుగుతుంది. నాకు మొదట్లో తెలిసుంటే బాగుండేది.)

పవర్ బ్యాంక్ తీసేసి, బ్యాటరీ మీదే ఎప్పుడూ నడుస్తూ, ఆ బ్యాటరీని కరెంటు చార్జ్ చేసే ఏర్పాటు పెట్టాను. అప్పుడు మారడం అనేదే ఉండదు. డీఎస్3231 అని బ్యాటరీతో నడిచే గడియారం చిప్ ఒకటి తగిలించాను.

తర్వాత వాచ్‌డాగ్. ప్రాసెసర్‌లోనే ఒక టైమర్ ఉంటుంది, మన ప్రోగ్రామ్ దాన్ని తడుతూ ఉండాలి. పై 3లో దాదాపు 15 సెకన్లు తట్టకపోతే బోర్డుని అదే రీసెట్ చేస్తుంది. తెలివిగా దానికోసం ఒక వేరే థ్రెడ్ పెట్టాను. టెస్టింగ్‌లో డాంగిల్ పీకేస్తే మెయిన్ లూప్ మోడెమ్ జవాబు కోసం అలా కూర్చుండిపోయింది. రెండో థ్రెడ్ మాత్రం కుక్కని నిమురుతూనే ఉంది. పనిచేసేవాడు పోయాడు, హాజరు పట్టీలో సంతకం మాత్రం పడుతోంది :) అది కూడా ఇంకో ఎర్ర లైటే కదా. ఆ థ్రెడ్ తీసేశాను. ఇప్పుడు సెన్సర్ కొత్త అంకె ఇచ్చి, మోడెమ్ కూడా ఈమధ్య పలికితేనే వాచ్‌డాగ్‌ని తడుతుంది.

ఆ 85 ఇఫ్ కూడా తీసేశాను. ఇప్పుడు 85 వస్తే మళ్ళీ కొలుస్తుంది, ఎన్నిసార్లు వచ్చిందో కూడా రాస్తుంది.

ఇవన్నీ చేశాక కూడా మనసులో ఒక ప్రశ్న మిగిలింది. ఇన్ని చేసినా అది ఆగిపోతే? సిమ్ పోవచ్చు, టవర్ పోవచ్చు, ఎలక తీగ కొరకొచ్చు. డబ్బా ఏమీ చెప్పడం లేదంటే అర్థం అంతా బాగుందనా, డబ్బా పోయిందనా? మొదటి డిజైన్‌లో ఈ రెండిటికీ తేడా లేదు. అసలు తప్పు అదీ. మిగతావన్నీ దాని తర్వాతే.

అందుకని రెండు మార్పులు చేశాను. ఒకటి, అంతా బాగున్నా సరే డబ్బా రోజుకి మూడుసార్లు మెసేజ్ పంపాలి. పొద్దున్న ఆరింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి. రాకపోతే అదే ప్రమాదం. ఇది బాబాయికి, కుర్రాడికి కూర్చోబెట్టి చెప్పాను. మెసేజ్ రాకపోవడం కూడా ఒక మెసేజే అని.

రెండోది, కరెంటు పోయిన కబురు నా డబ్బా చేతిలోంచి తీసేశాను. ఊళ్ళో ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే అరగంటలో చేసిచ్చాడు. కరెంటు ఉన్నంతసేపు ఒక రిలే పట్టుకుని ఉంటుంది. పోగానే వదిలేస్తుంది, 12 వోల్టుల బ్యాటరీ మీద హూటర్ మోగుతుంది. రెండు వీధుల అవతలకి వినిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ లేదు, కార్డు లేదు, బూట్ లేదు. బిగించి వెళ్ళేటప్పుడు ఆయన నా డబ్బా వంక చూసి "దీనికి కంప్యూటర్ ఎందుకండీ?" అన్నాడు. ఎనిమిది సెమిస్టర్లు చదివిన నా దగ్గర జవాబు లేదు.

అలాగని లైనక్స్ వద్దని నేననడంలేదు. దానికి తగిన పని దానికుంది. అదే తీగ మీద ఇంకో ఐదు సెన్సర్లు తగిలించాను. ఒక్కోదానికి ఫ్యాక్టరీలోనే వేరే 64 బిట్ల నంబరు ఉంటుంది కాబట్టి ఒకే తీగ సరిపోతుంది. నెల లాగ్ చూస్తే తెలిసిందేంటంటే, సాయంత్రంపూట పడమటి చివర మిగతా షెడ్డుకంటే మూడు డిగ్రీలు ఎక్కువ ఉంటోంది. గోడ మీద థర్మామీటర్ తూర్పు చివర ఉంది. బాబాయి ఆ వైపు పరదాలు ఇంకో వరస కట్టించాడు. ఇలాంటిది రిలే చెప్పలేదు. కానీ ప్రాణం మీదకొచ్చే కబురు మాత్రం ఎంత తక్కువ వస్తువుల మీద ఆధారపడితే అంత మంచిది.

కుర్రాడు మళ్ళీ గంటకోసారి థర్మామీటర్ చూడటం మొదలుపెట్టాడు. నేనే చెప్పాను, నా డబ్బా అంకె, దాని అంకె పక్కపక్కన పుస్తకంలో రాయమని. తేడా వస్తే నాకు ఫోన్ చేస్తాడు.

అప్పట్లో బాబాయిని ఒకసారి క్షమించమని అడగబోయాను. "ఊరుకోరా. లైటు వెలుగుతోంది కదా, బానే ఉందనుకున్నాం" అన్నాడు. ఆ మాట నాకు ఏ కోడ్ రివ్యూలోనూ పడనంత గట్టిగా తగిలింది. అప్పట్నుంచి ఆఫీసులో కూడా ఎవరైనా డాష్‌బోర్డు చూపించి "అంతా గ్రీనే" అంటే, ఆ గ్రీన్ దేన్ని చూసి వెలుగుతోందని అడుగుతున్నాను. టీమ్‌లో నాకు చాదస్తుడని పేరొచ్చింది.

మొన్నామధ్య పొద్దున్న ఆరుంపావుకి బాబాయి ఫోన్. "ఒరేయ్, ఇవాళ నీ డబ్బా పలకలేదు. కుర్రాణ్ణి షెడ్డుకి పంపించా, జనరేటర్‌లో డీజిల్ కూడా చూడమన్నా. నువ్వు కూడా ఓసారి చూసుకో."

కంగారుపడి వెతికితే తేలిందేంటంటే, సిమ్ రీచార్జ్ గడువు ముందురోజు రాత్రితో అయిపోయింది. చేయించాల్సింది నేనే. మర్చిపోయాను.

అదండీ సంగతి. నేను మళ్ళీ ఫెయిలయ్యాను, కానీ ఈసారి పావుగంటలో అందరికీ తెలిసిపోయింది.